సొరచెట్టు దగ్గర వచ్చిన తగువు

గల్ఫ్‌లో శుక్రవారం ఆరాధన అయ్యాక మనవాళ్ల మధ్య ఈ చర్చ మామూలే. వాక్యం చెప్పేవారు పాత తెలుగు బైబిలు చదవాలా, వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదమా? ఈ తగువు మనతో మొదలైంది కాదు. పదహారు వందల ఏళ్ల కిందటే జెరోమ్ అనే పండితుడు ఇందులో నలిగిపోయారు.

క్రీ.శ. 347 ప్రాంతంలో డాల్మేషియా సరిహద్దులోని స్ట్రిడోన్‌లో పుట్టారు. చదువు రోములో. తర్వాత సిరియా ఎడారిలో సన్యాసిగా ఉంటూ, క్రైస్తవుడైన ఒక యూదుడి దగ్గర హీబ్రూ మొదలుపెట్టారు. గొంతులోంచి పలికే ఆ మాటలు ఆయన్ని బాగా ఏడిపించాయి. (అరబ్బీతో తంటాలు పడే మనకు వేరే చెప్పాలా!)

382లో రోముకు తిరిగొస్తే, ప్రతికో పాఠంగా ఉన్న లాటిన్ సువార్తల్ని సరిచూసే పని పోప్ దమాసు అప్పగించారు. 384లో దమాసు పోయారు. జెరోమ్‌ది నోటి దురుసు, విరోధులు ఎక్కువ. మరుసటేడు రోము వదిలి, చివరకు బేత్లెహేములో స్థిరపడ్డారు. మఠాలకు పౌలా అనే సంపన్న వితంతువు డబ్బు పెట్టారు. అక్కడే, అందరూ నమ్మిన గ్రీకు అనువాదం పక్కనపెట్టి, హీబ్రూ నుంచే పాత నిబంధనను లాటిన్‌లోకి తెచ్చారు. 405 దాకా పట్టింది.

ఇంతలో ఓయియాలో, అంటే నేటి లిబియా రాజధాని ట్రిపోలీలో, ఒక బిషప్ ఆ కొత్త యోనా గ్రంథం చర్చిలో చదివించారు. యోనాకు నీడనిచ్చింది పాత లాటిన్‌లో సొర. జెరోమ్ ఐవీ తీగ అని రాశారు. అంతే, జనం తిరగబడ్డారు. తాతల నాటినుంచి విన్నమాట మారిస్తే ఒప్పుకుంటారా? సంఘమే మిగలదేమోనని బిషప్ పాతమాటకే దిగొచ్చారు. (సైటులో రివైజ్డ్ డ్రాయింగు వచ్చినా మేస్త్రీ పాత షీటు వదలడు చూడండి, అలాగ.)

ఈ సంగతి 403లో అగస్టీన్ ఉత్తరంలో రాశారు. గ్రీకు సంఘాలకూ లాటిన్ సంఘాలకూ పాఠాలు వేరైపోతాయని ఆయన భయం. నాకైతే ఆ భయంలో న్యాయం ఉందనిపిస్తుంది. జెరోమ్ తగ్గలేదు. హీబ్రూలో ఉన్నది సొరా కాదు, ఐవీ కాదు, ఆముదం లాంటి మొక్క. దానికి లాటిన్‌లో పేరు లేక ఐవీ అన్నానని ఆయన వాదన.

420లో బేత్లెహేములోనే కన్నుమూశారు. అగస్టీన్ కూడా తర్వాత కొన్నిచోట్ల ఆయన అనువాదమే వాడారు. 1546లో ట్రెంట్ మహాసభ ఆ లాటిన్ బైబిలునే ప్రామాణికమంది. మన పాత తెలుగు బైబిల్లో యోనా నాలుగో అధ్యాయం తీయండి. అక్కడింకా సొరచెట్టే ఉంది.