అతిథి కోసం అమర్చిన గది: చార్లెస్ ఈమ్స్ జీవితం

స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ జరిగిన రోజు ఒకసారి గుర్తుచేసుకోండి. వరసగా బల్లలు, ప్రతి బల్ల మీద థర్మోకోల్ మోడల్, వెనక చార్టు, పక్కన బట్టీ పట్టిన వివరణతో నిలబడ్డ పిల్లవాడు. మీరు ఎన్ని బల్లల దగ్గర నిజంగా ఆగారు? ఆగిన చోట కారణం మోడల్‌కి పెట్టిన ఖర్చు అయ్యుండదు. అక్కడ తిప్పడానికో నొక్కడానికో మీ చేతికి ఏదో దొరికి ఉంటుంది. లేదంటే మీ వేలు పట్టుకుని నడుస్తున్న చిన్నదానికి కూడా కనబడే ఎత్తులో ఆ వస్తువు ఉండి ఉంటుంది.

మనుషుల్ని అలా ఆపగలగడం ఒక వృత్తి. ఎగ్జిబిషన్ డిజైన్, స్పేషియల్ డిజైన్ అంటారు. మ్యూజియం, సైన్స్ సెంటర్, ట్రేడ్ ఫెయిర్, షోరూమ్... ఎక్కడైనా సరే, ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, వచ్చినవాళ్ళు ఎటునుంచి ఎటు నడవాలి, ముందు ఏది కంటపడాలి అని తేల్చే పని. మీ అమ్మాయో అబ్బాయో ఇంటర్ అయ్యాక ఇది చదువుతానంటే మీ నోట వచ్చే మొదటి మాట మేం ఊహించగలం. దాంతో బతుకు గడుస్తుందా అని. అది తప్పు ప్రశ్నేమీ కాదు. ఈ నెల మేం చెప్పబోయే మనిషికి మాత్రం ఆ ప్రశ్న అడగడానికి తండ్రి లేరు.

చార్లెస్ ఈమ్స్ 1907లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. స్కూలు రోజుల్లోనే ఒక ఉక్కు కర్మాగారంలో కూలిపని చేశారు. తండ్రి వదిలి వెళ్ళిన సామాన్లలో పాత ఫోటోగ్రఫీ సరంజామా దొరికితే, గాజుపలక మీద రసాయనం పూసి ఫోటో తీసే పద్ధతిని సొంతంగా నేర్చుకున్నారు. అప్పటికే లోకమంతా ఫిల్మ్ వాడుతోందన్న సంగతి ఆయనకి తర్వాత గానీ తెలియలేదు. ఆ కష్టం వృథా అనుకుంటాం గానీ, తర్వాత ఆయన ప్రదర్శనలన్నిటికీ ప్రాణం ఫోటోలే.

ఊళ్ళోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చింది. రెండేళ్ళకే బయటికొచ్చేశారు, డిగ్రీ లేదు. ఆధునిక నిర్మాణం మీద ఆయన ఇష్టం మాస్టార్లకి నచ్చలేదంటారు. 1930లో మరొకరితో కలిసి సొంత ఆఫీసు తెరిచారు. సరిగ్గా అప్పుడే మహా మాంద్యం. ఇళ్ళు కట్టించుకునేవాళ్ళే లేరు. అప్పటికే పెళ్ళయి, ఒక కూతురు. 1933లో అన్నీ వదిలేసి, చేతిలో డబ్బు దాదాపు లేకుండా మెక్సికో వెళ్ళిపోయి, కొన్ని నెలలు కూలిపనులు చేస్తూ, బొమ్మలు వేసిచ్చి తిండి సంపాదించుకుంటూ తిరిగారు. తల్లిదండ్రులుగా మీకు ఈ భాగం నచ్చదు, మాకూ నచ్చలేదు. జీవితకథల్లో ఇలాంటి ఏళ్ళని సాధారణంగా ఒక వాక్యంతో దాటేస్తారు. ఆ ఇంట్లోవాళ్ళకి అవి ఒక వాక్యం కాదు.

దారి 1938లో మళ్ళింది. మిషిగన్‌లోని క్రాన్‌బ్రుక్ అకాడమీకి ఆర్కిటెక్ట్ ఎలియెల్ సారినెన్ ఆయన్ని ఫెలోషిప్ మీద పిలిచారు. అక్కడ ఇద్దరు దొరికారు: సారినెన్ కొడుకు ఈరో, చిత్రకారిణి రే కైజర్. ఈరోతో కలిసి చేసిన కుర్చీలకి న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. బహుమతి వచ్చిన ఆ కుర్చీని ఫ్యాక్టరీలో చేయబోతే ప్లైవుడ్ అన్ని వైపులకీ వంగనని పగిలిపోయింది. మొదటి వివాహం ముగిశాక 1941లో రేని పెళ్ళి చేసుకుని లాస్ ఏంజెలెస్ చేరారు. పగలు ఎమ్.జి.ఎమ్. స్టూడియోలో సినిమా సెట్ల పని. రాత్రి అద్దె ఇంట్లో, సైకిల్ పంపుతో గాలి కొట్టి ప్లైవుడ్‌ని అచ్చుకి అదిమే యంత్రంతో ఇద్దరూ కుస్తీ. ఆ యంత్రం నుంచి వచ్చిన విద్యతోనే యుద్ధకాలంలో అమెరికా నౌకాదళానికి విరిగిన కాళ్ళకి కట్టే చెక్కబద్దలు చేశారు, సుమారు 1,50,000. ఆ తర్వాత కుర్చీలు. ఇప్పుడు మీరు ఆఫీసుల్లోనూ కేఫ్‌లలోనూ కూర్చునే వంపు కుర్చీల్లో చాలావాటికి మూలం అదే.

ఇక్కడ ఒక మాట. 1946లో అదే మ్యూజియం ఆ ఫర్నిచర్‌ని ప్రదర్శనకి పెట్టినప్పుడు పేరు చార్లెస్ ఒక్కరిదే వేసింది. రే పేరు లేదు. రంగులు, అమరిక, ఒక వస్తువు పక్కన మరొకటి ఎలా ఉండాలన్న చూపు చాలావరకు ఆమెది. ఈ వ్యాసం శీర్షికలోనూ ఆయన పేరే ఉందని మీరు గమనించే ఉంటారు. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఇద్దరినీ కలిపే చదువుకోండి.

1959లో అమెరికా ప్రభుత్వం మాస్కోలో జాతీయ ప్రదర్శన పెట్టింది. ఈమ్స్ దంపతులు పెద్ద గుమ్మటం కింద 7 తెరలు కట్టి, 2,200కి పైగా బొమ్మల్ని పన్నెండు పదమూడు నిమిషాల్లో చూపించారు. అన్నీ ఒకేసారి చూడటం ఎవరికీ సాధ్యం కాదు, అదే వాళ్ళ ఎత్తు. ఒక్క తెరే ఉంటే చూసేవాడు ఇదంతా ఏరి చూపించిందే అంటాడు. ఏడుంటే వాదించే తీరిక ఉండదు. చివరి దృశ్యం ఫర్గెట్-మీ-నాట్ పూలు, మరిచిపోవద్దు అని అర్థం. రష్యన్ భాషలోనూ ఆ పువ్వు పేరుకి అదే అర్థం. ఆ ఆలోచన రేది అంటారు. ఆ ప్రదర్శనలో అమెరికా పేదరికం దాదాపు లేదన్నదీ నిజమే. గదిని అమర్చేవాడి చేతిలో ఎంత బలం ఉందో, ఎంత బాధ్యత ఉందో అక్కడ తెలుస్తుంది.

మా దృష్టిలో ఆయన అసలైన పని 1961లో వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని సైన్స్ మ్యూజియం కొత్త విభాగానికి ఐ.బి.ఎమ్. కంపెనీ ఒక ప్రదర్శన ఇవ్వాలనుకుంది. ఈమ్స్ గణితాన్ని ఎంచుకున్నారు. లెక్కలంటే భయపడే మనుషుల్ని లెక్కల గదిలోకి పిలవాలి, వాళ్ళు తమంతట తాము అక్కడ ఉండిపోవాలి. 3,000 చదరపు అడుగుల ఆ ప్రదర్శన పేరు మ్యాథమెటికా.

లోపల ఏముందో చూడండి. అద్దాల పెట్టెలో పైనుంచి 30,000 చిన్న బంతులు మేకుల మధ్య పడుతుంటాయి. ప్రతి మేకు దగ్గరా బంతి కుడికి పోవచ్చు, ఎడమకి పోవచ్చు. ఏ ఒక్క బంతి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ అన్నీ పడ్డాక కింద కుప్ప గంట ఆకారంలో తేలుతుంది, ప్రతిసారీ. ప్లస్ టూ పిల్లలు సూత్రంగా రాసే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అదే, ఇక్కడ చప్పుడు చేస్తూ కళ్ళముందు పేరుకుంటుంది. ఇంకోచోట 8 వరసల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు ఉన్న బల్బుల ఘనం. మీరు అంకెలు నొక్కితే వాటి గుణకారమంత మేర బల్బులు వెలుగుతాయి. ఎక్కంలో మనం పాడుకున్నది ఆకారమై కనబడుతుంది. మెలితిప్పి అతికించిన పెద్ద పట్టీ మీద ఒక బాణం గుర్తు ప్రయాణిస్తూ, అంచు దాటకుండానే రెండు వైపులూ తిరిగొస్తుంది. సబ్బునీళ్ళలోంచి తీగ చట్రాలు పైకి లేచి, అతి తక్కువ వైశాల్యం అంటే ఏమిటో చూపిస్తాయి. గోడ పొడవునా గణిత శాస్త్రజ్ఞుల చరిత్ర, తీరిక ఉన్నవాళ్ళకి.

డిజైనర్ అంటే ఇంటికొచ్చిన అతిథికి ఏం కావాలో అడక్కముందే ఊహించే గృహస్థు అన్నది ఈమ్స్ నమ్మకం. మ్యాథమెటికాలో అది ప్రతి చోటా కనబడుతుంది. తొందరలో ఉన్నవాడికి బంతులు, ఆసక్తి పుట్టినవాడికి వివరణ, మునిగిపోవాలనుకున్నవాడికి గోడ. పెళ్ళిలో విస్తరి వేసేటప్పుడు పెద్దవాళ్ళు ఎక్కడ కూర్చోగలరు, పిల్లలకి కారం లేనిదేది అని మీ ఇంట్లో ఎవరో ఒకరు ఆలోచిస్తారు కదా, ఆ ఆలోచనే ఇది. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఐ.బి.ఎమ్. మంటపానికి ఇంకా ఘనంగా, 500 మందిని కూర్చున్న మెట్లతో సహా యంత్రంతో థియేటర్‌లోకి ఎత్తారు. అది ఆర్భాటం. మాకు బంతుల పెట్టే నచ్చింది.

మన దేశంతో ఆయన బంధం అంతకుముందే మొదలైంది. 1955లో న్యూయార్క్‌లో జరిగిన భారతీయ వస్త్రాల ప్రదర్శన దగ్గర పుపుల్ జయకర్ పరిచయమయ్యారు. భారత ప్రభుత్వం ఆహ్వానించగా దంపతులిద్దరూ మన ఊళ్ళు తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్ళు అన్నిటికంటే మెచ్చింది చెంబుని. ఎత్తినప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, నీళ్ళు ఎలా జారతాయి, తోమేటప్పుడు చెయ్యి లోపలికి పడుతుందా అని తరాలుగా ఎందరో సరిచూసుకుంటూ వచ్చిన ఆకారం అది. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. నెహ్రూ మరణించాక ఆయన జీవితం మీద ప్రదర్శనని ఈమ్స్ దంపతులు అక్కడివాళ్ళతో కలిసి తయారుచేసి 1965లో న్యూయార్క్‌లో పెట్టారు.

ఆ సంస్థలో ఎగ్జిబిషన్ డిజైన్ ఈనాటికీ ఒక డిగ్రీ విభాగం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడు ఒక ఎన్.ఐ.డి. ఉంది. ప్రవేశ పరీక్షకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. మొదటి దశ రాత పరీక్ష, రెండో దశలో చేతులతో చేసి చూపించాల్సిన స్టూడియో పరీక్ష ఉంటుంది.

చార్లెస్ ఈమ్స్ 1978 ఆగస్టు 21న సొంత ఊరు సెయింట్ లూయిస్‌లోనే కన్నుమూశారు. రే సరిగ్గా పదేళ్ళకి, అదే తేదీన పోయారు. మ్యాథమెటికాలో ఒకటి బోస్టన్ సైన్స్ మ్యూజియంలో ఉంది, మరొకటి న్యూయార్క్ హాల్ ఆఫ్ సైన్స్‌కి చేరింది. మీ బంధువులెవరైనా అటువైపు ఉంటే, సెలవుల్లో వెళ్ళినప్పుడు పిల్లల్ని బంతుల పెట్టె ముందు నిలబెట్టి, మీరు రెండడుగులు వెనక్కి జరగండి.