భయం పోగొట్టే ఆటలు – వయోలా స్పోలిన్ జీవితం

వార్షికోత్సవం దగ్గర పడగానే మన హాస్టల్లో ఒకటే సందడి. నాటికలో వేషం వేయాలని అందరికీ ఉంటుంది. తీరా పేరు పిలిచేసరికి సగం మందిమి వెనక వరుసలోకి జారుకుంటాం. డైలాగు మరచిపోతే ఎలా, అందరూ నవ్వితే ఎలా అన్నదే మన భయం. ఈ భయాన్ని ఆటలతోనే పోగొట్టవచ్చని జీవితమంతా పనిచేసి చూపించిన మహిళ వయోలా స్పోలిన్. ఆమె గురించి మిత్రులందరికీ తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

వయోలా 1906 నవంబరు 7న అమెరికాలోని చికాగో నగరంలో, వలస వచ్చిన ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ నగరంలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం ఉండేది. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి 1889లో దాన్ని స్థాపించారు. బతుకుతెరువు కోసం నానా దేశాల నుంచి వచ్చిన పేద కుటుంబాలకు అది చదువునీ, ఆటపాటలనీ, ఆసరానీ ఇచ్చేది. అక్కడ పిల్లలకు ఆటలు నేర్పే నీవా బాయ్డ్ దగ్గర వయోలా 1924 నుంచి మూడేళ్ళు శిక్షణ పొందారు. భాషలు వేరైన పిల్లలను కూడా ఆట ఒక్కటి చేస్తుందని అక్కడే గ్రహించారు.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. పనులు లేని వారికి పనులు కల్పించడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. అందులో భాగంగా 1939 నుంచి 1941 వరకు వయోలా చికాగోలో నాటక విభాగానికి పర్యవేక్షకురాలిగా పనిచేశారు. ఆమె దగ్గరికి వచ్చిన పిల్లలకు నాటకం కొత్త. ఉపన్యాసాలు చెబితే అర్థం కాదు. అందుకని నటనలో ఎదురయ్యే ఒక్కో చిక్కుకూ ఒక్కో ఆట తయారు చేశారు. ముందుగా రాసుకున్న మాటలు లేకుండా అప్పటికప్పుడు ఆడే నాటకానికి ఆ ఆటలే పునాది అయ్యాయి. మన ఆశుకవిత్వం లాగే దీన్ని ఆశునాటకం అనుకోవచ్చు.

ఆమె పద్ధతిలో ముఖ్యమైనవి కొన్ని చెప్పుకుందాం. ఆట మొదలు పెట్టేముందు ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అన్న మూడు విషయాలే నిర్ణయించుకోవాలి. కథ ముందే అల్లుకోకూడదు. ప్రతి ఆటలో మనసు నిలపవలసిన విషయం ఒకటి ఉంటుంది. మనసు దాని మీద ఉంటే, జనం మనల్ని చూస్తున్నారన్న బెరుకు దానంతటదే తగ్గుతుంది. అద్దం ఆటలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు కదిలితే రెండోవారు అద్దంలో బొమ్మలాగా అలాగే కదలాలి. ఇంకో ఆటలో అర్థంలేని శబ్దాలతోనే మాట్లాడాలి. భావం ముఖంలో, చేతుల్లో పలకాలి. లేని బిందెను ఉన్నట్టే బరువుగా ఎత్తాలి. బరువుగా ఉందని నోటితో చెప్పకూడదు. ఆట సాగుతుండగా టీచరు పక్కన నిలబడి, ఆట ఆపకుండా చిన్న చిన్న మాటలతో హెచ్చరిస్తూ ఉంటారు. దీనినే సైడ్ కోచింగ్ అంటారు.

అన్నిటికంటే మాకు నచ్చినది మరొకటి. ఆట అయ్యాక బాగా చేశావు, బాగా చేయలేదు అనే తీర్పులు ఉండవు. చూసినవాళ్ళకు ఏం కనిపించింది, అనుకున్న విషయం మీద మనసు నిలిచిందా అనే చర్చ మాత్రమే జరుగుతుంది. పెద్దల మెప్పు కోసం పాకులాడటం, తిట్టు పడుతుందని బెదరటం, ఈ రెండూ మనిషిలోని సహజ ప్రతిభను అణచివేస్తాయని ఆమె నమ్మారు. అవకాశం ఇస్తే ఎవరైనా నటించగలరన్నది ఆమె సిద్ధాంతం.

1946లో ఆమె హాలీవుడ్‌లో యంగ్ యాక్టర్స్ కంపెనీ స్థాపించి, 1955 వరకు పిల్లలకు ఈ ఆటలతోనే నటన నేర్పారు. కుమారుడు పాల్ సిల్స్ తల్లి ఆటలతోనే పెరిగారు. 1955లో డేవిడ్ షెపర్డ్‌తో కలిసి కంపాస్ బృందాన్నీ, 1959లో మరికొందరితో కలిసి చికాగోలో సెకండ్ సిటీ నాటకశాలనూ ప్రారంభించారు. ఆ నటులకు వయోలాయే శిక్షణ ఇచ్చారు. తోటి నటుడు అన్నదాన్ని కాదనకుండా ఒప్పుకొని, దానికి ఇంకొంత జోడించాలనే సూత్రం ఆ తరం నటుల నుంచే ప్రచారమైంది. 1963లో వయోలా తన 200కు పైగా ఆటలను ఇంప్రొవైజేషన్ ఫర్ ది థియేటర్ అనే పుస్తకంగా ప్రచురించారు. 1994 నవంబరు 22న ఆమె కన్నుమూశారు.

మొన్న ఒక ఆదివారం భోజనాల హాల్లో మేము అద్దం ఆట ఆడి చూశాం. చేరిన నాటి నుంచీ నోరు విప్పని ఆరో తరగతి తమ్ముడొకడు కదులుతుంటే, పదో తరగతి అన్న వాడిని అనుసరించాడు. ఆట పూర్తయ్యేసరికి ఆ తమ్ముడే పకపకా నవ్వుతున్నాడు. ఖర్చు లేదు, సామాను లేదు. ఈసారి వార్షికోత్సవానికి నాటిక మొదలు పెట్టేముందు అందరం కలిసి ఈ ఆటలు ఆడదాం. వెనక వరుసలో ఒక్కరూ మిగలకుండా చూద్దాం. వయోలా స్పోలిన్‌కు మనం ఇవ్వగలిగిన నివాళి అదే.