నికోబార్ దీవుల దాకా చేరిన ఔషధ పరిశోధన: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

2010లో కార్ నికోబార్‌లో నేత్ర వైద్యులు చిన్నారుల కనురెప్పలను తిప్పి చూడగా, దాదాపు సగం మందిలో లోపలి పొరపై సన్నని బుడిపెలు కనిపించాయి. అది ట్రకోమా. దేశంలో దాదాపు కనుమరుగైందని భావించిన వ్యాధి. ఆ బుడిపెలు క్రిములు కావు. క్లమీడియా బ్యాక్టీరియాను ఎదుర్కొనేందుకు గుమిగూడిన లింఫోసైట్లు, అంటే శరీర రక్షణ కణాలు. ఈ పోరు ఏళ్ల తరబడి పునరావృతమైతే రెప్ప లోపల మచ్చలు కట్టి, వెంట్రుకలు లోపలికి మళ్లి నల్లగుడ్డును గీరుతాయి. చూపు పోవడానికి అదే కారణం. మూడేళ్లపాటు ఏటా అజిత్రోమైసిన్ పంపిణీ చేయడంతో అక్కడ వ్యాధి బాగా తగ్గింది. అంతకు పూర్వం దశాబ్దాల పాటు ట్రకోమాకు టెట్రాసైక్లిన్ లేపనమే ప్రధాన చికిత్స. ఆ తరగతిలో మొదటి ఔషధమైన ఆరియోమైసిన్ వెలువడిన ప్రయోగశాలకు సారథ్యం వహించినది ఒక తెలుగువాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ కాలంలోనే ఇద్దరు సోదరులు ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఆ దుఃఖం ఆయన్ను జీవితాంతం వీడలేదు.

1922 అక్టోబరులో భార్య శేషగిరిని స్వదేశంలోనే ఉంచి బోస్టన్ చేరారు. ఆమెను ఆయన మళ్లీ చూడలేదు. ఆ తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా ఎరుగరు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేస్తూ పొట్ట పోసుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాల ఇంధనమైన ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. ఇంత సాధించినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు కృషిలో కొంత భాగం వెలుగు చూడలేదని, ఆయన సహచరుడు, అనంతరం నోబెల్ గ్రహీత అయిన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారిన తరువాతి ఎనిమిదేళ్లు ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైనవి. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. అయితే వారు కన్నుమూసి అప్పటికే రెండు దశాబ్దాలు దాటాయి. ఆ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అణువులనూ అదే బృందం తయారు చేసింది. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగారు. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్. అదుపు తప్పి విభజన చెందే తెల్ల రక్తకణాలపై ప్రయోగించిన ఆ మందును, నేడు చాలా తక్కువ మోతాదులో, సొంత శరీరంపైనే తిరగబడిన రక్షణ కణాలను శాంతింపజేయడానికి వాడుతున్నారు. కీళ్లవాతంతో పాటు కంటి తెల్లగుడ్డు వాపు, కంటిపొరను మచ్చలతో కప్పివేసే పెంఫిగాయిడ్ వంటి వ్యాధుల్లోనూ నేత్ర వైద్యులు దాన్ని ఆశ్రయిస్తున్నారు. సుబ్బారావు ఈ ఉపయోగాన్ని ఊహించి ఉంటారని చెప్పడానికి ఆధారమేదీ లేదు. కణం లోపలి రసాయన క్రియను పట్టుకోవడమే ఆయన మార్గం.

ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసినది వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ అన్వేషణకు నాయకత్వం సుబ్బారావుది. 1948 జూలైలో ఆ ఔషధం వైద్యలోకానికి పరిచయమైంది. కంటి ఇన్ఫెక్షన్లపై దాని ఫలితాలను నేత్ర వైద్యులు వెంటనే ప్రకటించారు. మరుసటి నెలలోనే, 53వ ఏట, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం ఆయన పొందలేదు. భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది శతజయంతి ఏడాది, 1995లో.

నికోబార్‌తో ఆయన పరిశోధనకు మరో బంధమూ ఉంది. ఆయన బృందం 1947లో వెలువరించిన హెట్రజాన్, అంటే డీఈసీ, బోదకాలుకు నేటికీ ముఖ్యమైన మందు. నన్‌కౌరీ దీవుల్లో ఈ వ్యాధిని వ్యాపింపజేసే దోమ పగలే కుడుతుంది. అందువల్ల రాత్రి దోమతెర కట్టుకున్నా అక్కడ అంతగా ఫలితం ఉండదు. ఆ దీవుల వాసులకు డీఈసీ కలిపిన ఉప్పును ప్రయోగాత్మకంగా అందించారు.