లవణరాజు కల రాసిన గురజాడ

గురజాడ అప్పారావు పేరెత్తగానే దేశభక్తి గేయం వినిపిస్తుంది. బడి గోడల మీద, విగ్రహాల కింద అదే. 1911 నాటి లవణరాజు కల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎందుకో ఊహించడం కష్టం కాదు.

1862లో ఎస్.రాయవరంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. బాల్యం చీపురుపల్లిలో గడిచింది. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. 1892లో కన్యాశుల్కం ఆడించి, ఆడపిల్లల్ని అమ్ముకునే అగ్రహారాల గుట్టు రచ్చకెక్కించాడు. ఆనందగజపతి చనిపోయాక ఆయన సోదరి రీవా మహారాణికి కార్యదర్శి అయ్యాడు. అంటే తిండి పెట్టింది సంస్థానం, చుట్టూ ఉన్నది పండిత సమాజం. వాళ్లను నొప్పించకుండా బతకడమే సులువు.

లవణుడి కథ యోగవాసిష్ఠంలోది. అక్కడ చండాలుర మధ్య బతుకు రాజుకొచ్చిన పీడకల, లోకం మాయ అని చెప్పడానికి ఒక ఉదాహరణ. గురజాడ ఆ కథనే తీసుకుని తిరగేశాడు. ఆయన రాజు కలలో మాల పిల్లను ప్రేమిస్తాడు, ఆమె కులంలో కలవడానికి సిద్ధపడతాడు. వర్ణధర్మం అధర్మమని గురజాడ నేరుగా రాశాడు, అదీ మామూలు జనం పాడుకోగల ముత్యాల సరాల్లో.

సరిగ్గా ఆ ఏడాదే రష్యా ఏలుబడిలోని కీవ్‌లో బేలిస్ అనే యూదుణ్ణి, మతాచారం కోసం పిల్లవాణ్ణి చంపాడన్న అబద్ధపు నేరం మోపి జైల్లో పెట్టారు. యూదుడు కాని కొరొలెంకో అనే రచయిత ఆ అబద్ధాన్ని పత్రికల్లో ఎదిరించాడు. 1913లో బేలిస్ నిర్దోషిగా బయటికొచ్చాడు. కొరొలెంకో ముందు కోర్టు ఉంది, ఖైదీ ఉన్నాడు. గురజాడకు అలాంటి కేసు లేదు. అంటరానితనం నేరంగా ఏ కోర్టుకూ ఎక్కని కాలమది.

అలాగని కావ్యానికి లేని బరువు ఎత్తొద్దు. పెళ్లి మాట కలలోనే వస్తుంది. రాజు మేలుకుంటే సింహాసనం ఉంటుంది, మాల పిల్లకు వాడే ఉంటుంది. ఇది దళితేతరుడి ఊహ, ఆయన అంతవరకే చూడగలిగాడు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో వాడుక తెలుగు కోసం అసమ్మతి పత్రం ఇచ్చి, 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశాడు.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1921లో, కుసుమ ధర్మన్న నల్లదొరతనం మాకొద్దని పాట కట్టాడు. సిక్కోలు బిడ్డ గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాడిన పాటకు అది మాలవాడి జవాబు. ఈసారి మాట్లాడింది రాజు కాదు.