కోరికకు సూదిమందు... 72 ఏళ్ల డాక్టరు చెప్పిన పాఠం

వెన్నుపాము ఒక పక్కన మాత్రమే దెబ్బతింటే అదే పక్క కాలు చచ్చుబడుతుంది. రెండో పక్కన నొప్పి, వేడి తెలియవు. ఈ జబ్బుకు బ్రౌన్ సెకార్ అనే వైద్యుడి పేరే పెట్టారు. డాక్టర్లందరికీ తెలిసిన పేరు ఇది. అయితే ఆయన 72 ఏళ్ల వయసులో తన మీద తానే చేసుకున్న ప్రయోగం గురించి మీరూ తెలుసుకోవాలి. ముఖ్యంగా కోరిక తగ్గిందని లోలోపల దిగులుపడుతూ, ‘శక్తి’ మందుల ప్రకటనల వైపు చూస్తున్నవాళ్లు.

ఛార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్ సెకార్ 1817లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టారు. తండ్రి అమెరికాకు చెందిన ఓడ కెప్టెన్. కొడుకు పుట్టకముందే సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు. తల్లే పెంచి పెద్దచేశారు. ఆమె ఇంటిపేరైన సెకార్‌ను ఆయన తన పేరులో కలుపుకొన్నారు. పారిస్‌లో చదివి 1846లో డాక్టరయ్యారు. తన ఒంటిమీద ప్రయోగాలు చేసుకోవడం ఆయనకు మొదటినుంచీ అలవాటే. 1854లో మారిషస్‌లో కలరా ప్రబలితే, మందు పనిచేస్తుందో లేదో చూద్దామని రోగుల వాంతిని తానే మింగారు!

మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తీసేస్తే జంతువులు బతకవని 1856లో చూపించారు. లండన్‌లో, అమెరికాలోని హార్వర్డ్‌లో పనిచేసి, 1878లో పారిస్‌లోని కాలేజ్ ద ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ స్థానంలో ఆచార్యులయ్యారు.

వయసు మీదపడ్డాక ఒంట్లో సత్తువ తగ్గింది. వృషణాలు రక్తంలోకి ఏదో పదార్థాన్ని వదులుతాయని, అది తగ్గడం వల్లే ముసలితనపు నీరసం వస్తుందని ఆయన నమ్మారు. కుక్కల, గినీ పందుల వృషణాలను నలిపి, నీళ్లు కలిపి, వడగట్టి చర్మం కింద ఎక్కించుకున్నారు. బలం పెరిగిందని, మెట్లు పరుగున ఎక్కగలుగుతున్నానని, ఎక్కువసేపు పనిచేయగలుగుతున్నానని 1889 జూన్ 1న పారిస్ బయాలజీ సొసైటీలో ప్రకటించారు. ఇక జనం ఊరుకుంటారా? దాన్ని యవ్వనాన్ని తిరిగిచ్చే మందుగా, పడకగది మందుగా చూశారు. వ్యాపారులు సీసాల్లో నింపి అమ్ముకున్నారు.

నిజానికి ఆ రసంలో పనిచేసే మందు దాదాపు లేదు. వృషణాలు టెస్టోస్టెరాన్‌ను నిల్వ చేసుకోవు. తయారైంది తయారైనట్టే రక్తంలోకి వదిలేస్తాయి. పైగా అది నీళ్లలో సరిగా కరగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి పరీక్షిస్తే, ఒంటి మీద ప్రభావం చూపేంత హార్మోన్ అందులో లేదని తేలింది.

మరి ఆయనకు హుషారు ఎలా వచ్చింది? నమ్మకం వల్లే కావచ్చు. మేలు జరుగుతుందన్న ఆశ కలిగితే మెదడులో డోపమైన్ విడుదల కాగలదు. ఆసక్తిని, ఉత్సాహాన్ని రగిలించే రసాయనం అదే.

మీ కోరిక కూడా ఒక్క హార్మోన్ చేతిలో లేదు. టెస్టోస్టెరాన్ మగవాళ్లలోనే కాదు, కొద్ది మోతాదులో ఆడవాళ్లలోనూ ఉంటుంది. ఇది కోరికకు పునాది వేస్తే, డోపమైన్ దాన్ని ముందుకు నడుపుతుంది. సెరటోనిన్ చాలావరకు బ్రేకులా పనిచేస్తుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో కోరిక తగ్గేది అందుకే. ప్రొలాక్టిన్ బాగా పెరిగినా, థైరాయిడ్ తగ్గినా, మధుమేహం అదుపు తప్పినా, నిద్ర చాలకపోయినా, దంపతుల మధ్య మాటలు కరవైనా కోరిక సన్నగిల్లొచ్చు. ముట్లు ఆగిన మహిళల్లో ఈస్ట్రోజెన్ తగ్గి, యోని పొడిబారి, కలయిక నొప్పిగా మారుతుంది. నొప్పి ఉన్నచోట కోరిక ఎలా నిలుస్తుంది? దీనికి మంచి చికిత్సలున్నాయి. సిగ్గుపడి ఊరుకోవద్దు.

మా ఓపీకి వచ్చే మగవాళ్లలో కొందరు నేరుగా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ రాయమంటారు. అవసరం లేకుండా తీసుకుంటే ఒంట్లో సొంత తయారీ మందగిస్తుంది. వీర్యకణాలు బాగా పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ముందు ఉదయం పూట, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేయించాలి. నిజంగా తక్కువగా ఉండి, లక్షణాలూ ఉంటేనే చికిత్స. డిప్రెషన్ మందులను మాత్రం సొంతంగా ఆపేయకండి. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు.

బ్రౌన్ సెకార్ 1894లో కన్నుమూశారు. ఆయన మందు పనికిరాలేదు గానీ, గ్రంథులు రక్తంలోకి ఏదో వదులుతాయన్న ఊహ నిజమైంది. 1891లోనే ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసంతో ఒక రోగి ప్రాణం నిలిపారు. 1935లో టెస్టోస్టెరాన్‌ను శుద్ధరూపంలో వేరుచేశారు. అదే ఏడాది ప్రయోగశాలలోనూ తయారుచేశారు. ఈనాడు సరైన పరీక్షలు, సరైన మందులు మీకు అందుబాటులో ఉన్నాయి. కోరిక కొన్ని నెలలుగా తగ్గి మీరు బాధపడుతుంటే ప్రకటనలోని నంబరుకు ఫోన్ చేయకుండా, దంపతులిద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.