చూసే కన్ను – డొరతీ యూస్టిస్

ఇతరులకు మేలు చేయాలన్న తలంపు చాలామందికి ఉంటుంది. ఆ మేలు పొందినవాడు మరల ఎవరిముందూ చేయి చాచనవసరం లేకుండా, తన కాళ్లపై తాను నిలిచేటట్లు చేయగలిగినవారు మాత్రం అరుదు. చూపులేనివారిపై జాలి చూపడంతో తృప్తిపడక, వారు ఎవరి తోడూ లేకుండా వీధి దాటగల మార్గాన్ని అమెరికాలో నెలకొల్పిన వనిత డొరతీ హారిసన్ యూస్టిస్.

డొరతీ 1886 మే 30న ఫిలడెల్ఫియా నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. 1906లో వాల్టర్ వుడ్‌ను వివాహమాడి, న్యూయార్క్ రాష్ట్రంలోని హూసిక్ ఫాల్స్‌లో ఒక వ్యవసాయక్షేత్రంలో నివసించింది. పాడిపశువులలో మేలుజాతిని పెంపొందించే ప్రయోగాలను ఆమె అక్కడ దగ్గరగా గమనించింది. ఆ ఇంట హాన్స్ అనే జర్మన్ షెపర్డ్ శునకం ఉండేది. దాని తెలివి, విధేయత ఆమెను ఆలోచింపజేశాయి. శునకాలను అందం కోసమే పెంచుతున్నందువల్ల వాటి సహజమైన పనితనం క్షీణిస్తున్నదని ఆమె గ్రహించింది. 1915లో భర్త మరణించాడు. 1923లో జార్జ్ యూస్టిస్‌ను పునర్వివాహం చేసుకొని, స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణ సమీపాన ఫార్చునేట్ ఫీల్డ్స్ అనే శునక పోషణ కేంద్రాన్ని స్థాపించింది. జంతుశిక్షణలో నేర్పరి అయిన ఎలియట్ హంఫ్రీ ఆమెకు కుడిభుజమైనాడు. అక్కడ పెరిగిన శునకాలు స్విస్ సైన్యంలోను, పోలీసుశాఖలోను సేవలందించాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీలో 1916 నుండి మార్గదర్శక శునకాలకు శిక్షణ ఇస్తున్నారు. పోట్స్‌డామ్ నగరంలోని అటువంటి పాఠశాలను డొరతీ సందర్శించింది. తడుముకుంటూ వచ్చిన అంధుడు, శునకం తోడు కాగానే తలయెత్తి నడవడం ఆమెను కదిలించింది. తాను చూచినదానిని ఒక వ్యాసంగా రచించగా, అది 1927 నవంబరు 5న అమెరికాలోని సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో ప్రచురితమైంది.

టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో ఒక తండ్రి ఆ వ్యాసాన్ని తన 19 ఏళ్ల కుమారునికి చదివి వినిపించాడు. ఆ యువకుడు మారిస్ ఫ్రాంక్. ఆరేళ్ల వయసులో ఒక కంటిని, పదహారేళ్ల వయసులో ముష్టియుద్ధ క్రీడలో రెండవ కంటిని ప్రమాదవశాత్తు కోల్పోయాడు. గడప దాటాలంటే ఇతరుల చేయి పట్టుకోవలసిన స్థితి అతనిని దహించివేసేది. తనకు ఒక శునకాన్ని ఇప్పిస్తే, తనవంటి వారందరికీ ఆ విద్యను అందిస్తానని అతడు డొరతీకి లేఖ వ్రాశాడు. నిజానికి ఆమె అంతవరకు అంధుల కోసం ఒక్క శునకాన్నీ తీర్చిదిద్దలేదు. అయినా ఆమె ఆ లేఖను పక్కన పెట్టలేదు. హంఫ్రీ చేత ఆ శిక్షణావిధానాన్ని అభ్యసింపజేసి, ఫ్రాంక్‌ను స్విట్జర్లాండ్‌కు రప్పించింది.

1928లో సాగిన ఆ ప్రయాణంలో ఫ్రాంక్‌ను ఒక సరుకుల రవాణా సంస్థ పార్సిల్ లెక్కన చేరవేసింది. అతనికి అప్పగించిన ఆడ శునకం పేరు కిస్. నలుగురిలో ఆ పేరు పిలవడానికి సిగ్గుపడి, నేస్తమనే అర్థం వచ్చేలా బడ్డీ అని మార్చుకున్నాడు.

మార్గదర్శక శునకం యజమానిని తనకు తోచిన చోటికి లాగుకొనిపోదు. ఎటు పోవాలో నిర్ణయించేది మనిషే. శునకం శరీరానికి తొడిగిన తోలుపట్టీకి ఒక గట్టి పిడి ఉంటుంది. దానిని పట్టుకొన్నవానికి శునకం ప్రతి కదలికా చేతికి తెలుస్తుంది. మెట్ల వద్ద, కాలిబాట అంచున అది ఆగుతుంది. తన తలకు తగలకపోయినా యజమాని నుదుటికి తగిలే కొమ్మను గమనించి తప్పిస్తుంది. అన్నింటికంటె కఠినమైన పాఠం మరొకటి ఉన్నది. యజమాని ముందుకు నడవమన్నా, ఎదుట వాహనం వస్తుంటే ఆ ఆజ్ఞను ధిక్కరించి నిలిచిపోవాలి. విధేయత నేర్చిన శునకానికి ఎప్పుడు విధేయత చూపరాదో కూడా నేర్పడమే ఈ శిక్షణలోని సారం.

పార్సిల్‌గా వెళ్లిన ఫ్రాంక్ స్వతంత్రుడై తిరిగివచ్చాడు. 1928 జూన్ 11న న్యూయార్క్‌లో దిగి, పత్రికా విలేకరులు చూస్తుండగా, వాహనాలతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను బడ్డీతో దాటాడు. విజయం లభించిందని డొరతీకి ఒకే ఒక్క మాటతో తంతి పంపాడు. 1929 జనవరి 29న నాష్‌విల్‌లో సీయింగ్ ఐ సంస్థ వెలసింది. చూసే కన్ను అని దాని అర్థం. 1931లో అది న్యూజెర్సీకి తరలింది. డొరతీ తన సొంత ధనాన్ని వెచ్చించి, దాతలను కూడగట్టి, 1940 వరకు దానికి అధ్యక్షురాలిగా వ్యవహరించింది. శునకాన్ని ఉచితంగా ఇవ్వక, మొదటి శునకానికి 150 డాలర్ల నామమాత్రపు రుసుమును ఆ సంస్థ నిర్ణయించింది. అయ్యే ఖర్చుతో పోలిస్తే అది స్వల్పం. అయినా తన నేస్తాన్ని తానే సంపాదించుకొన్నానన్న గౌరవం చూపులేనివారికి దక్కాలన్నది దాని ఉద్దేశం.

1942 నుండి కుక్కపిల్లల పెంపకంలో ఫోర్ హెచ్ అనే బాలబాలికల సంఘాలు పాలుపంచుకొన్నాయి. ఏడెనిమిది వారాల కూనను ఒక కుటుంబం ఇంటికి తెచ్చుకొంటుంది. మనుషుల మధ్య, చప్పుళ్ల మధ్య బెదరకుండా మెలగడం నేర్పుతుంది. ఏడాది దాటిన తరువాత, ఒడిలో పెరిగిన ఆ ప్రాణిని శిక్షణ కోసం తిరిగి అప్పగిస్తుంది. ముఖమెరుగని ఒకరి కోసం పెంచిన మమకారాన్ని వదలుకోవడం సామాన్యమైన త్యాగం కాదు.

బడ్డీ 1938లో మరణించింది. ఆ తరువాత తనకు తోడైన ప్రతి శునకానికీ ఫ్రాంక్ ఆ పేరే పెట్టుకొన్నాడు. డొరతీ 1946 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లో కన్నుమూసింది. 2011లో అమెరికా జాతీయ మహిళా కీర్తిమందిరంలో ఆమెకు స్థానం లభించింది. అంధులకు ఆమె చూపును ఇవ్వలేదు. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా తమ వాకిలి తాము తెరుచుకొని వెళ్లగల స్వేచ్ఛను ఇచ్చింది. ఫ్రాంక్ కోరుకొన్నదీ అదే.