అక్కమ్మ చెరియన్: బడి నుండి శాసనసభకు

రాజకీయాలు మనకెందుకన్న మాట మన విశ్వాస కుటుంబాలలో తరచు వినబడుతుంది. పిల్లలు బాగా చదివి, ఉద్యోగంలో స్థిరపడితే చాలునని తల్లిదండ్రుల ఆశ. అటువంటి స్థిరమైన ఉద్యోగాన్నే వదలుకున్న ఒక కతోలిక ఉపాధ్యాయిని జీవితం ఇది.

అక్కమ్మ చెరియన్ 1909 ఫిబ్రవరి 14న తిరువాన్కూరు సంస్థానంలోని కాంజిరపల్లిలో, పునీత తోమాసువారి సంప్రదాయానికి చెందిన క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. ఎర్నాకుళంలోని సెయింట్ తెరెసా కళాశాలలో చరిత్ర చదివి బి.ఏ. పట్టా పొందారు. 1931లో చదువు ముగించుకొని ఉపాధ్యాయినిగా చేరి, కొద్ది సంవత్సరాలలోనే ప్రధానోపాధ్యాయిని అయ్యారు.

1938లో ప్రజలకు జవాబుదారీ అయిన ప్రభుత్వం కావాలంటూ తిరువాన్కూరు స్టేట్ కాంగ్రెస్ ఏర్పడింది. అక్కమ్మగారు బడి విడిచి అందులో చేరారు. దివాను సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించి, దాని అధ్యక్షులను వరుసగా చెరసాలకు పంపింది. పదకొండవ అధ్యక్షుడు తన తరువాతి బాధ్యతను ఈమెకు అప్పగించారు. నిషేధం ఎత్తివేయాలని కోరుతూ ఆమె తిరువనంతపురంలో తంపానూరు నుండి మహారాజుగారి కవడియార్ భవనానికి వేలాదిమందిని నడిపించారు. పోలీసు అధికారి కాల్పులకు ఆజ్ఞ ఇచ్చినపుడు, ముందు తననే కాల్చమని ఎదురు నిలిచారు. ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకోక తప్పలేదు. గాంధీజీ ఆమెను తిరువాన్కూరు ఝాన్సీరాణిగా కొనియాడారు. తరువాత పలుమార్లు కారాగారవాసం అనుభవించారు.

స్వాతంత్ర్యం వచ్చాక కాంజిరపల్లి నుండి తిరువాన్కూరు శాసనసభకు పోటీ లేకుండా ఎన్నికయ్యారు. కాని 1952లో లోక్‌సభకు పార్టీ టికెట్టు ఇవ్వలేదు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు. 1967లో కాంగ్రెస్ అభ్యర్థిగా కాంజిరపల్లి శాసనసభ స్థానానికి పోటీచేసి, సొంత ఊరిలోనే మరల ఓడిపోయారు. 1982 మే 5న కన్నుమూశారు.

తుపాకులు ఆపలేని మనిషిని ఓట్లు ఆపాయి. అంతమాత్రాన ఆ జీవితం వృథా అయిందా? ఫలితం వేరు, కర్తవ్యం వేరు. ఫలితం మన చేతిలో లేదు, కర్తవ్యం ఉంది. విత్తేవాడు విత్తుతాడు, పంట ఇచ్చేది దేవుడు. ప్రజల మేలు కోసం రాజకీయ బాధ్యత స్వీకరించేవారి సేవను రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రశంసించింది. కాబట్టి రేపు మన విచారణలో ఒక ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో నిజాయితీతో ఎన్నికలలో నిలబడితే, గెలుస్తారా అని అడిగే ముందు, వారు నిలబడింది దేనికోసమో చూద్దాం. వారి కోసం ప్రార్థిద్దాం.